ఫియట్ నీకే ఇస్తాను, రంగు జోలికి మాత్రం పోకు

అజిత్‌సింగ్ నగర్,
విజయవాడ

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

మన పాత ఫియట్ కారు నాకిస్తారా అని నువ్వు అడిగిన దానికి ఫోనులోనే జవాబు చెప్పవచ్చు. కానీ నువ్వు "సరే నాన్నా, సరే నాన్నా" అంటూ సగమే వింటావు. పైగా ఇందులో కొన్ని సంగతులు దారి మధ్యలో బండి ఆగినప్పుడు పనికొచ్చేవి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివాక పారేయకుండా బండిలోనే ఉంచుకో.

ఫియట్ నీకే. విశాఖ తీసుకువెళ్లు. మీ అన్నయ్యను కూడా అడిగాను. ఏసీ లేని బండి తనకెందుకన్నాడు, ఆ గొడవ వదిలిపోయింది. కానీ "డబ్బు పంపుతాను, కొత్త బండిలా రంగు వేయించి పెట్టండి" అన్నావే, దానికి నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మన వీధిలోకి వచ్చినప్పుడు నువ్వు ఇక్కడ లేవు. ఆ రెండు రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. ఊరంతా కృష్ణ వైపు చూస్తూ కూర్చుంటే మనల్ని ముంచింది మాత్రం బుడమేరు. మేము మేడ మీద ఉన్నాం. బండి కింద స్టీరింగ్ దాకా మునిగి ఉంది. గట్లకు పడిన గండ్లు పూడ్చేదాకా నీరు తగ్గనే లేదు. తగ్గాక చూస్తే సీట్ల మీద, ఇంజన్ మీద, డాష్‌బోర్డు అరలో అంతటా ఒండ్రే. మురుగు కలిసిన ఒండ్రు. ఆ వాసన గురించి మీ అమ్మను అడుగు, నేను రాయలేను.

ఆ వారమంతా మన వీధిలో లాగుడు బండ్లే తిరిగాయి. మన బండి కంటే కొత్త కార్లన్నీ షెడ్లకు వెళ్లాయి, వాటిలో చాలా తిరిగి రాలేదు. ఎదురింటి అబ్బాయి నీరు దిగగానే తాళం తిప్పాడు. సిలిండర్‌లో గాలి ఉంటే పిస్టన్ నొక్కుతుంది. నీరు ఉంటే అది నొక్కుడు పడదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అతని ఇంజన్‌కు అదే జరిగింది. ఈ ఒక్క సంగతి నీ పిల్లలకు కూడా చెప్పు: మునిగిన బండికి తాళం పెట్టి తిప్పకూడదు, ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి.

మన బండికి కంప్యూటర్ లేదు. సెన్సార్లు లేవు. 1089 సీసీ ఇంజన్, ఒక కార్బురేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్, నాలుగు ప్లగ్గులు. ఇందులో విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్లీ బిగించలేనిది ఏదీ లేదు. అది బతకడానికి కారణం అదే, నా గొప్పతనం కాదు. నాలుగు ప్లగ్గులూ తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి నానబెట్టాం. తర్వాత టాప్ గేరులో వేసి, నేనూ పక్కింటి కుర్రాళ్లూ కలిసి బండిని ముందుకూ వెనక్కూ నెట్టాం. ప్లగ్గుల బొందల్లోంచి నీరు చిమ్మింది. ఇంజన్ ఆయిల్ విప్పితే మజ్జిగలో బెల్లం కలిపినట్టుగా వచ్చింది. చాలామంది ఇంజన్ ఆయిల్ మార్చి అయిపోయిందనుకుంటారు. గేరుబాక్సుకూ, వెనక చక్రాలను తిప్పే పళ్ల పెట్టెకూ, అదే డిఫరెన్షియల్‌కూ, గాలి ఆడే చిన్న రంధ్రాలుంటాయి. నీరు వాటిలోంచి కూడా దూరుతుంది. వాటిలోనిదీ పూర్తిగా వంపి, కొత్తది పోసి, కొద్దిగా నడిపి, మళ్లీ వంపాను.

ఆ తర్వాతి పని నా వరుసలో సాగింది. ముందు బండి ఆగాలి, తర్వాత నడవాలి, ఆ తర్వాతే అందం. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీలు కూడా ఈ మాట ఒప్పుకుంటారు. వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం రంగుతో మొదలుపెట్టమంటారట.

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములు విప్పితే లోపల బురద గట్టిపడి ఉంది, లైనర్లు ఊడి వచ్చాయి. పెడలు తొక్కితే ఆయిల్ ఒత్తిడితో బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ల లోపల తుప్పు గుంటలు పడ్డాయి. ఎమరీ కాగితంతో రుద్ది కొత్త రబ్బర్లు వేస్తే చాలన్నవాళ్లు ఉన్నారు. చాలదు. ఆ గుంటల అంచులు రబ్బరును కోసేస్తాయి, ఏదో ఒక రోజు పెడలు నేలకు తగులుతుంది. అన్నీ కొత్తవి వేశాను. బ్రేకు గొట్టాలు, హోసులు కూడా మార్చాను. బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీసేటప్పుడు మీ అమ్మ డ్రైవర్ సీట్లో కూర్చుని "తొక్కాను", "వదిలాను" అంటూ ఉంటే నేను చక్రం దగ్గర పడుకుని నట్టు తిప్పాను. ఇన్నేళ్లలో నేను చెప్పినట్టు ఆవిడ తొక్కడమూ వదలడమూ అదే మొదలు. ఈ మాట ఆవిడకు చెప్పకు.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇక్కడైతే రెండేళ్లకొకసారి మారిస్తే సరిపోతుంది. మీ సముద్రపు ఒడ్డున ఏడాదికోసారి మార్చు.

వైరింగ్ నా ఓపికను పరీక్షించింది. విప్పేముందు ప్రతి కనెక్షన్‌నూ ఫోనుతో ఫొటో తీసి, తీగలకు చీటీలు అంటించాను. పాత బండిలో దీపాలు గుడ్డిగా వెలిగితే అందరూ బ్యాటరీని తిడతారు. చాలాసార్లు దోషం ఎర్తుది. తీగ బాడీకి తగిలే చోట తుప్పు పడితే కరెంటుకు తిరుగుదారి ఉండదు. అలాంటి చోట్లన్నీ ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాశాను. హెడ్‌లైట్లకు కరెంటు స్విచ్చు మీదుగా కాక నేరుగా అందేలా రిలేలు పెట్టాను. ఇప్పుడు వెలుతురు నువ్వు నేర్చుకున్న రోజుల్లో కంటే ఎక్కువే.

ఇక రంగు సంగతి. తలుపుల అడుగున, నేల కింద ఉండే పెట్టె గొట్టాల్లో ఒండ్రు చేరింది. నీరు కారిపోవడానికి కంపెనీవాళ్లు పెట్టిన రంధ్రాలు అంతకుముందే మూసుకుపోయి ఉన్నాయి. వాటిని తెరిచి, పైపు పెట్టి కడుగుతూనే ఉన్నాను. బాగైపోయిందనుకున్న తర్వాత కూడా బురదనీళ్లే వచ్చాయి. డ్రైవర్ కాళ్ల కింద రేకు చిల్లులు పడితే కోయించి కొత్త రేకు అతికించాను. వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు విప్పి బయట పెట్టాను. ఈ జాగ్రత్త ఎవరికి బండి ఇచ్చినా దగ్గరుండి చూసుకో. ఇప్పుడు ఆ లోపలి గొట్టాల్లో మైనం కలిపిన నూనె కొట్టించి ఉంచాను. తుప్పు ఎక్కడన్నా మిగిలి ఉంటే రెండు వానాకాలాల్లో అదే బయటపడుతుంది. ఈలోగా లప్పం పెట్టి, మెరిసే రంగు కొట్టించావనుకో, అది లోపల తింటూనే ఉంటుంది, నీకు కనపడదు. తలుపు మీద నీటిమట్టం గీత ఇంకా ఉంది. ఉండనీ. ఎవరైనా అడిగితే బుడమేరు అని చెప్పు.

నిజానికి వరద కంటే మీ విశాఖ గాలికే నేను ఎక్కువ భయపడుతున్నాను. బుడమేరు నీళ్లు మురికివే అయినా ఉప్పువి కావు, ఒకసారి వచ్చి వెళ్లాయి. ఉప్పుగాలి రోజూ వస్తుంది. బీచ్ రోడ్డుకు షికారు వెళ్లిన రాత్రే అడుగుభాగం మంచినీళ్లతో కడుగు. ప్లాస్టిక్ కవరు కప్పకు, లోపల చెమ్మ నిలుస్తుంది. నూలు గుడ్డ అయితే పరవాలేదు.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. మన బండి పుట్టింది 1985లో, అప్పటి రబ్బరు దీనికి తట్టుకోదు. హోసులు, పంపులోని డయాఫ్రం, కార్బురేటర్ ప్యాకింగులు తట్టుకునే రకం వేశాను. ఇథనాల్ కూడా నీటిని పీల్చుకుంటుంది కనుక పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకు. వారానికొకసారైనా నడుపు. మైలేజీ కాస్త తగ్గుతుంది. అది ఇంజన్ తప్పు కాదు.

ఎండాకాలంలో ఇంకో తంటా ఉంది. పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే ఉంటుంది. ఎండకూ ఇంజన్ వేడికీ పైపులో పెట్రోలు ఆవిరైపోయి, బండి దగ్గి ఆగిపోతుంది. కంగారుపడి సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ దించకు. బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద చుట్టి, ఓ టీ తాగి రా. లేస్తుంది. అందుకే తెల్లవారుజామునే బయలుదేరదాం. ఏలూరు దాటేసరికి వెలుగు వస్తుంది, ఎండ ముదిరేసరికి గోదావరి దాటేస్తాం. అరవై దాటించకు. లారీవాళ్లు హారన్ కొడితే కొట్టనీ.

విడిభాగాలు ఒక డబ్బాలో పెట్టాను: పాయింట్లు, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు, ఒక హోసు సెట్టు, పంపు కిట్టు. ఆటోనగర్‌లో పాత సరుకున్న కొట్లు ఇంకా ఉన్నాయి. దొరకనివి ముంబయి నుంచి తెప్పించాను. అక్కడ ఈ బండ్లే, ప్రీమియర్ పద్మిని పేరుతో, ట్యాక్సీలుగా తిరిగేవి కనుక సామాను దొరికేది. 2023 అక్టోబరుతో ఆ పద్మిని ట్యాక్సీలు కూడా రోడ్డు దిగాయి. ఇక కొనేవాడు లేకపోతే చేసేవాడూ ఉండడు. కనిపించినప్పుడు కొని పెట్టుకోవడమే.

ముందు సీట్లకు బెల్టులు వేయించాను. పాత రూపం చెడిందని ఎవరైనా ముక్కు విరిస్తే విరవనీ. వింటేజ్ అనిపించుకోవాలంటే ఎలాగూ చట్టం ప్రకారం 50 ఏళ్లు దాటాలి. అంటే 2035 దాకా మనది ఉత్త పాత బండే. పదిహేనేళ్లు దాటిన బండి కనుక ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అది ఈమధ్యే అయింది. నీ పేరుకు మార్చడానికి నీ ఆధార్, విశాఖ చిరునామా రుజువు కావాలి. మరిచిపోకుండా తీసుకురా.

నువ్వు పంపుతానన్న డబ్బు వద్దని అనను. దానితో నాలుగు టైర్లు కొందాం. ఉన్నవి చూడటానికి బాగానే ఉన్నాయి, కానీ పక్కన ముద్రించిన నాలుగంకెలు చూడు. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. వాటికి వయసైపోయింది.

బయలుదేరే రోజు కంటే రెండు రోజులు ముందు రా. రత్నాచల్ ఎక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటావు. మర్నాడు పొద్దున నువ్వే జాకీ పెట్టి, ఒక చక్రం విప్పి, డ్రమ్ము తీసి, మళ్లీ బిగించాలి. అది చేశాకే తాళాలు. పాత బట్టలు తెచ్చుకో. గ్రీజు చేతులతో వంటింట్లోకి రానివ్వనని మీ అమ్మ ఇప్పుడే చెబుతోంది.

అల్లుడుగారిని కూడా తీసుకురా. స్టీరింగ్ పక్కన గేరు కాడ ఉన్న బండి ఆయన ఎప్పుడూ నడపలేదు కదా. నేర్పడం మాత్రం నీ పని. అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "క్లచ్ వదలకండి" అని అరవడం నావల్ల కాదు.

ఇట్లు,
మీ నాన్న