నీ సినిమా ముందు మంగళగిరిలో వెయ్యమ్మా

చి. సింధుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది, మేడ మెట్లు ఎక్కుతోంది. ఇక్కడి సినిమా ఉత్సవానికి వెళ్లొచ్చాక ఫోన్లో నువ్వు "సినిమాలు ఎలా ఉన్నాయి నాన్నా?" అని అడిగితే "బాగున్నాయమ్మా" అని ఊరుకున్నాను గానీ అది ఒక్క మాటతో తేలే సంగతి కాదు. పైగా మంగళగిరి నేత మీద నువ్వు తీస్తున్న సినిమా గురించి కూడా చెప్పాల్సింది ఒకటుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఉత్సవం విజయవాడ మొగల్రాజపురంలో ఒక చిన్న హాల్లో పెట్టారు. అంతా కాలేజీ పిల్లలు, వాళ్లకి అండగా ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు. టిక్కెట్టు లేదు. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టి, ఎవరికి తోచింది వాళ్లని వెయ్యమన్నారు. కుర్చీలు ప్లాస్టిక్‌వే అయినా తెర ముడత లేకుండా బిగించారు, చీకటి బాగా కుదిరింది, మాట స్పష్టంగా వినపడింది. సినిమా చూడ్డానికి అంతకంటే ఏం కావాలి?

ఎప్పట్లాగే వెనక వరసలో కూర్చున్నా. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసు నుంచి రీళ్ల పెట్టెతో గుడివాడ, నూజివీడు, తెనాలి, రేపల్లె తిరిగిన రోజుల నుంచీ ఉన్న అలవాటది. ప్రింటు వెంట వెళ్లిన రిప్రజెంటేటివ్ టిక్కెట్ల లెక్క సరిచూసుకుని, డీసీఆర్ మీద, అంటే ఆ రోజు వసూళ్ల కాగితం మీద, సంతకం పెట్టించుకుంటే ఆ పూటకి పనైపోయినట్టే. నేను మాత్రం ఆట మొదలయ్యాక లోపలికొచ్చి గోడకానుకుని నిలబడేవాణ్ణి. జనం ఎక్కడ కదులుతున్నారు, ఎక్కడ బీడీకి లేస్తున్నారు, ఎక్కడ దగ్గు కూడా ఆగిపోయింది, అన్నీ వెనక నుంచి తెలుస్తాయి. ఇప్పుడూ అలాగే చూశాను, తెరని కాసేపు, జనాన్ని కాసేపు.

మొదట వేసింది శ్యామ్ బెనెగల్ 'మంథన్'. 1976 నాటి హిందీ సినిమా. దాన్ని బాగుచేసి 2024లో ఫ్రాన్సులోని కాన్ సినిమా ఉత్సవంలో మళ్లీ చూపించారని నువ్వే చెప్పావు. గుజరాత్‌లో పాల సహకార సంఘం ఎలా నిలదొక్కుకుందన్నది కథ. 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుంటే పోగైన 10 లక్షలతో తీశారు. మొదటి సీనే చూడు. పట్నం నుంచి పశువుల డాక్టరు రైలు దిగుతాడు, గిరీష్ కర్నాడ్. ఎదురొచ్చి తీసుకెళ్లాల్సినవాళ్లు ఆలస్యంగా పరుగెత్తుకొస్తారు. ఇవాళ బండి వేళకి వచ్చేసింది, అందుకే అందుకోలేకపోయామంటారు. హాలంతా నవ్వింది. ఊరి తీరూ, వచ్చినవాడికి ఎదురవబోయేదీ ఆ ఒక్క ముక్కలో బెనెగల్ చెప్పేశాడు.

నా ముందు కుర్చీలో ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది, మనవడు తీసుకొచ్చాడట. హిందీ రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. అయినా పాల ధర దగ్గర పేచీ నడుస్తుంటే "మా దగ్గరా ఇంతే" అని పైకే అనేసింది. విరామంలో నేనే పలకరించాను. కేంద్రంలో పాలు పోశాక ఫ్యాట్ ఎంతొచ్చిందని చెబుతారో అని రోజూ గుండె పట్టుకుని నిలబడతామని చెప్పింది. సంఘం ఎన్నికలో హరిజనుడు గెలిస్తే సర్పంచి తట్టుకోలేకపోవడం కూడా ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఒకటి మాత్రం నాకు వెలితిగా తోచింది. స్మితా పాటిల్ వేసిన బిందు పాత్రని అంత బలంగా నిలబెట్టి, చివరికొచ్చేసరికి కథ డాక్టరు వెంట వెళ్లిపోయింది. ఆమెతో ఇంకాసేపు ఉండాల్సింది.

ఈ సినిమా విడుదలయ్యాక ఆ పాడి రైతులే లారీల నిండా ఎక్కి పట్నాలకొచ్చి చూశారు. వాళ్ల డబ్బు, వాళ్ల కథ, చూసిందీ వాళ్లే. ఈ సంగతి గుర్తు పెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

తర్వాత మన 'దాసి'. బి. నర్సింగరావు తీసిన ఈ 1988 సినిమాకి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి అర్చన, కెమెరాకి ఎ.కె. బీర్, ఇంకా కళకీ దుస్తులకీ. అప్పట్లో ఆ పెట్టె నా చేతికి రాలేదు. పాటల్లేని సినిమాని కృష్ణాకి కొనేవాళ్లెవరు, గుంటూరుకి కొనేవాళ్లెవరు? ఏరియాల వారీగా హక్కులమ్ముకునే వ్యాపారంలో దానికి చోటెక్కడిది? ఒక నటికి దేశంలోకెల్లా పెద్ద బహుమతి వస్తే, ఆ నటన మన తెలుగు ఊళ్లలో ఎంతమంది చూశారమ్మా? నాకది ఇప్పటికీ బాధే.

నిజాం కాలపు గడీలో నడిచే కథ. దొరసాని కాపురానికొస్తూ కట్నంతో పాటు తెచ్చుకున్న దాసి కమలాక్షి. ఆ పిల్ల పొద్దస్తమానం పని చేస్తూనే ఉంటుంది. దొర పిలిస్తే వెళ్లాలి, వచ్చిన చుట్టాల దగ్గరికి పంపితే వెళ్లాలి. కడుపొస్తే తీయించెయ్యమని దొరసాని హుకుం. మొదటి పావుగంట నా ముందు వరస కుర్రాళ్లు ఫోన్లు తీశారు, ఆ వెలుగు నాకు కనిపిస్తూనే ఉంది. ఎవరూ గట్టిగా ఏడవరు, నేపథ్య సంగీతం వచ్చి ఇక్కడ ఏడవమని చెప్పదు. పని, పిలుపు, మళ్లీ పని. కాసేపటికి ఒక్కో ఫోనూ జేబులోకి వెళ్లిపోయింది. అర్చన మొహంలో ఏమీ మారనట్టే ఉంటుంది, ఆ మారకపోవడమే చూస్తున్నవాళ్ల గొంతు నొక్కుతుంది. నేను హాళ్లలో ఈలలు విన్నాను, తెర మీదికి చిల్లర విసరడం చూశాను. అంతమంది కుర్రాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చోవడం మాత్రం తక్కువసార్లే చూశా.

జాన్ అబ్రహాం మలయాళ చిత్రం 'అమ్మ అరియాన్' గురించి నువ్వు ముందే హెచ్చరించావు, ఓపిక కావాలని. నిజమే. వయనాడులో పురుషన్ అనే కుర్రాడికి ఒక శవం కనిపిస్తుంది. ఎవరో తెలిసినవాడే అనిపించి ఆరా తీస్తే, తబలా వాయించే హరి అని తేలుతుంది. ఆ కబురు కొచ్చిలో ఉన్న హరి తల్లికి చెప్పాలి. దారిలో ఒక్కొక్క స్నేహితుణ్ణీ కలుపుకుంటూ పోతారు. వెళ్లేది ఇద్దరు ముగ్గురుగా, చేరేది గుంపుగా. ఆ గుంపు పెరగడం నాకు నచ్చింది. మధ్యలో మాత్రం చాలా సాగింది, పాత పోరాటాల ముచ్చట్లు ఒకదాని మీదొకటి వచ్చి పడ్డాయి, నాలుగు కుర్చీలు ఖాళీ అయ్యాయి. గొప్ప సినిమా అని పేరుంది కదా అని ఆ సంగతి నీ దగ్గర దాచను.

దాన్ని ఎలా తీశారో మాత్రం నువ్వు క్షుణ్ణంగా తెలుసుకోవాలి. జాన్, ఆయన స్నేహితులు కలిసి ఒడెస్సా కలెక్టివ్ అని పెట్టుకున్నారు. ఊరూరా తిరిగి మంచి సినిమాలు వేసి చూపించారు, జనం ఇచ్చిన చందాలు పోగేశారు, ఆ డబ్బుతో 1986లో ఇది తీశారు. తీశాక మళ్లీ జనం దగ్గరికే మోసుకెళ్లారు. నిర్మాతా లేడు, పంపిణీదారూ లేడు. ఆ మరుసటేడే జాన్ పోయాడు. జీవితమంతా పెట్టెలు మోసినవాణ్ణి గనక, ఆ పెట్టె మోసినవాళ్ల కష్టమేంటో నాకు తెలుసు. ఒక్క రీలు 1000 అడుగులు, తెర మీద పదకొండు నిమిషాలు. అంత బరువుతో బస్సుల్లో, కాలిబాటల్లో తిరిగారంటే వాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఇక 'విలేజ్ రాక్‌స్టార్స్'. సింధూ, అన్నిటిలోకీ నా మనసు దోచింది ఇదే. రీమా దాస్ అస్సాంలో తన సొంత ఊళ్లో తీసింది. రాసిందీ, తీసిందీ, కెమెరా పట్టిందీ, ఎడిటింగ్ చేసిందీ ఆవిడే. నటించినవాళ్లు ఆ ఊరి పిల్లలే. 2018లో జాతీయ ఉత్తమ చిత్రం అయింది, ఎడిటింగ్‌కి కూడా ఆవిడకే అవార్డిచ్చారు. ధును అనే పిల్లకి గిటారు కావాలి. డబ్బెక్కడిది? థర్మాకోల్ ముక్కతో గిటారు చేసుకుని వాయిస్తుంది. తండ్రి లేడు. తల్లి ఒక్కతే పొలం పని చేసుకుంటూ పెంచుతుంది. పెద్దమనిషైన పిల్ల చెట్లెక్కుతోందని ఊరి ఆడవాళ్లు దెప్పితే ఆ తల్లి కూతురి వైపే నిలబడుతుంది. కూతురికి ఈత నేర్పుతుంది. పెద్ద మాటలేం లేవు, ఇద్దరూ నీళ్లలో ఉంటారంతే.

వరద సీన్లు వచ్చేసరికి హాలు హాలంతా మారిపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మేడల మీద కూర్చుని పాల ప్యాకెట్ కోసం ఎదురుచూసినవాళ్లు ఆ కుర్చీల్లో ఉన్నారు. పంట నీళ్లలో పడి ఉంటే ఆ తల్లి చూసే చూపు దగ్గర నా పక్కనున్నాయన కళ్లజోడు తీసి పట్టుకున్నాడు. పాయకాపురంలో ఆయనకి కిరాణా కొట్టుందట. బియ్యం బస్తాలు, పప్పులు అన్నీ బురదలో కలిసిపోయాయట. "ఈవిడ ఆ ఊరిమనిషి కాబట్టే ఇలా తీసింది, వరద చూడ్డానికి వచ్చినవాళ్లు ఇలా తియ్యరు" అన్నాడు. పత్రికల్లో ఎన్నో సమీక్షలు చదివాను, ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

మన పిల్లలు తీసిన చిన్న చిత్రాలు కూడా కొన్ని వేశారు. చాలావాటిలో ప్రకాశం బ్యారేజీ మీద డ్రోన్, దాని మీద గంభీరమైన సంగీతం. అందంగానే ఉన్నాయి, ఒక్కటీ మనసులో నిలవలేదు. గుంటూరు పిల్లలిద్దరు తీసింది మాత్రం వేరు. మిరపకాయలకి తొడిమలు తీసే ఆడకూలీల మీద. కుప్ప ముందు ఒకావిడ కూర్చుని ఉంటుంది, చెంగు ముక్కుకి అడ్డం కట్టుకుని. కెమెరా ఆవిడ చేతుల దగ్గరే ఆగిపోయింది. కాయ అందుకోవడం, తొడిమ టక్కున విరవడం, పక్కకి వెయ్యడం. సంగీతం లేదు. ఆ టక్కుటక్కు, మధ్యమధ్య దగ్గు. చివరికి హాల్లో ఇద్దరు ముగ్గురు నిజంగానే దగ్గారు. తక్కువ డబ్బుతో తీశారు పాపం అని మెచ్చుకోవడం కాదిది. డబ్బున్నవాళ్లు తీసినా నేనిదే అంటాను, ఎంతసేపు చూపించాలో ఆ పిల్లలకి తెలిసింది. ముగిశాక నేను అడిగాను, ఆ ఆడవాళ్లకి చూపించారా అని. ఇంకా లేదండీ, ముందు పోటీలకి పంపుతున్నాం అన్నారు. నాకు నువ్వు గుర్తొచ్చావు.

నువ్వు పంపిన రఫ్ కట్, అదే నీ సినిమా తొలి కూర్పు, మళ్లీ చూశాను. మంగళగిరి మగ్గం మీద ఆ నేతగాడు, ఆయన నేస్తున్న చోట నువ్వు ముక్కలు ముక్కలుగా కోశావు. నూలు మోసే నాడె అటు వెళ్తుంది, తిరిగొచ్చేలోపు ఆయన మొహానికి వెళ్లిపోయావు, అక్కణ్ణుంచి చీర నిజాం అంచుకి. ఆ నాడెని అటూ ఇటూ పోనీ. పడుగు మధ్య దారి తెరుచుకోవడం, గుంటలో ఆయన కాళ్లు, పలక కొట్టిన చప్పుడు, ఇవన్నీ ఒకే షాట్‌లో నీ దగ్గరున్నాయి కదా, నువ్వు తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ షాట్ వదలకు. దాని మీద వేసిన వీణ సంగీతం తీసెయ్యి, మగ్గం చప్పుడు చాలు.

ఇంకోటి. చూసి మెచ్చుకునేవాళ్లు కాదు, తప్పు పట్టేవాళ్లు ముందు చూడాలి నీ సినిమాని. ఏ ఉత్సవానికి పంపాలి, ఏ తేదీలోగా పంపాలి అని నువ్వు లెక్కలేసుకుంటున్నావు, వేసుకో, పంపు, వద్దనను. కానీ అంతకంటే ముందు, 'మంథన్'ని ఆ పాడి రైతులే చూసినట్టు, ఆ నేతగాళ్ల వీధిలో వెయ్యి. మగ్గం మీద బతికినవాళ్లకి ఏ చప్పుడు ఏ కదలిక తర్వాత రావాలో తెలుసు. నువ్వు ఎడిటింగ్‌లో ముందూ వెనకా చేసుంటే వాళ్లే పట్టేస్తారు. కూలి గురించి ఆయన చెప్పిన మాట నువ్వు సగంలో కోశావు, ఆ సగం మాట వాళ్లకి ఎలా వినిపిస్తుందో నువ్వు అక్కడ నిలబడి చూడాలి. వెనక నిలబడు. తెర వైపు చూడకు, నీకది కంఠతా వచ్చు. వాళ్ల వైపు చూడు.

నేను వెళ్లి మాట్లాడొచ్చాను. ఎప్పుడైనా సరే రమ్మన్నారు, కానీ పండగ ఆర్డర్లు ఉంటే రాత్రి దాకా మగ్గాలు ఆడతాయి, కాబట్టి పని తగ్గిన వారం చూసి చెబుతామన్నారు. రామాలయం పక్కన సున్నం కొట్టిన గోడ ఉంది, తెర అక్కర్లేదు. వీధి దీపం ఒకటి అడ్డం, దాన్ని ఆ కాసేపూ ఆర్పించే పూచీ వాళ్లదే. ప్రొజెక్టర్ ఉత్సవం పిల్లలు ఇస్తామన్నారు, అద్దె వద్దన్నారు, నేను పెట్రోలు డబ్బులు ఇస్తానని ఒప్పించాను. తొడిమల సినిమా కూడా అదే రాత్రి వేద్దామని అడిగితే ఆ గుంటూరు పిల్లలు సరేనన్నారు. వాళ్లది పదిహేను నిమిషాలు, నీది ముందా వాళ్లది ముందా అన్నది మీరే తేల్చుకోండి. సినిమా హార్డ్ డిస్క్‌లోనూ పెన్ డ్రైవ్‌లోనూ రెంటిలోనూ తీసుకురా. తేదీ తెలియగానే ఫోన్ చేస్తా, రైలు టిక్కెట్టు అప్పుడు తీసుకో.

ఇట్లు,
నాన్న