బ్రేకు తొక్కితే వెనకవాడికి తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

రేణిగుంట రోడ్డులో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తుంటాను. ఈమధ్య కుర్రాళ్లు కొత్త కారు రాగానే వెనక లైట్లకు నల్ల ఫిల్ము అతికించి, డిక్కీ అంచున ఎల్‌ఈడీ పట్టీ వేయమంటున్నారు. బల్బు బండ్లలో చాలావాటికి ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు: వెనక దీపానికి 5 వాట్లు, బ్రేకుకు 21. ఆ తేడా చూసే వెనకవాడు కాలు బ్రేకు మీదికి తెస్తాడు. పట్టీ ఎప్పుడూ భగ్గుమంటుంటే ఇక తేడా ఎక్కడ? తిరుమల నుంచి దిగే ఘాట్ మలుపుల్లో, అందులోనూ మంచు పట్టినప్పుడు, ముందు బండి ఆగిందని ఎలా తెలియాలి?

మొన్న ఒక బండి వచ్చింది. ఎవరో బ్రేకు వైరు తొక్క గీరి, పట్టీ వైరు చుట్టి, టేపు వేశారు. వానకు తడిసి షార్టయి ఫ్యూజు పోయింది. బ్రేకు లైట్లన్నీ ఆరిపోయాయి, నడిపేవాడికి ఆ సంగతే తెలియదు. పిల్లలతో కొండకు పోయి వచ్చాడట!

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం, చట్టం ఒప్పని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అలిపిరి తనిఖీ దగ్గర కార్లు ఎలాగూ ఆగుతాయి. అక్కడే ఒకసారి బ్రేకు తొక్కించి వెనక చూడమని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక కార్ల ఎలక్ట్రీషియన్, తిరుపతి