పొదుగువాపు ముద్ద డబ్బాల్లో ఎందుకు అమ్మడం లేదంటే

రాజాం, చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా దాణా షాపుకి వచ్చే రైతులందరికీ నమస్కారం. ఈమధ్య చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు: "ఆ కలబంద, పసుపు ముద్దేదో నువ్వే నూరి డబ్బాలో పెట్టి అమ్మొచ్చు కదా బాబూ, మాకు రుబ్బుకునే తీరిక ఎక్కడిది?" అమ్మితే నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి, కాదనను. అయినా అమ్మను.

ఆ ముద్దని ఏ రోజుకారోజు నూరుకోవాలి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చెప్పే కొలత ఇదీ: 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం. పసుపుకి సున్నం తగలగానే ముద్ద పారాణిలా ఎర్రబడుతుంది. పాలు పూర్తిగా పిండేసి, పొదుగు శుభ్రంగా కడిగి, గుప్పెడు ముద్దలో నీళ్లు కలిపి పల్చగా చేసుకుని పొదుగంతా పట్టించాలి. రోజుకి పదిసార్ల దాకా, ఐదు రోజులు. చాకిరీయే మరి! పొద్దున్న ఒకసారి రాసేసి "మీ మందు పనిచెయ్యలేదండీ" అంటే నేనేం చెప్పను?

డబ్బాలో నిలవ ఉండాలంటే ఏదో ఒక కెమికల్ కలపాలి. పైగా పశువుల ఆయుర్వేద మందైనా సరే, తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. నాది దాణా కొట్టు.

ఈ ముద్దని ఎప్పుడు నమ్ముకోవాలో కూడా చెప్పాలి. తొలి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. విరిగిన పాలలా చిన్నచిన్న ముక్కలు కనబడి, పశువు మామూలుగా మేత మేస్తుంటే అప్పుడే మొదలుపెట్టండి. జ్వరం వచ్చినా, మేత మానేసినా, పాలలో రక్తం పడినా నా షాపుకి రావద్దు, 1962కి ఫోన్ చెయ్యండి. పశువుల అంబులెన్స్ వస్తుంది. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉండనే ఉంది. గొంతువాపు, జబ్బవాపు లాంటి పశువుల జబ్బులు గంటల్లో ప్రాణం తీస్తాయి. వాటికి పసరు పోస్తూ కూర్చుంటే గొడ్డు దక్కదు. అవి రాకుండా ఉండాలంటే వానలు పడకముందే టీకా వేయించుకోవాలి.

పొదుగులోకి ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబులు తెప్పించమని అడిగేవాళ్లకి కూడా ఇదే జవాబు. అవి డాక్టరు చూసి రాయాల్సినవి. కాస్త తగ్గగానే మధ్యలో మానేస్తే చావగా మిగిలిన సూక్ష్మజీవి మొండికేస్తుంది, మళ్లీసారి ఆ మందుకి లొంగదు. ట్యూబు ఎక్కించాక డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పొయ్యకండి. మందు కలిసిన పాలు తోడు వేసినా సరిగ్గా తోడుకోవు. ఎవరి పాలు అన్న గొడవ చివరికి ఊళ్లోకే వస్తుంది.

నా దగ్గర ఏం దొరుకుతుందంటే, పసుపు కొమ్ములు. పొడి కాకుండా కొమ్ములే ఎందుకంటే, రంగు కలిపిన పొడితో మనకొద్దు టెన్షన్. మీ ఎదురుగానే ఆడించి ఇస్తాను. తాంబూలంలోకి వాడే సున్నం కూడా ఉంది. కలబంద మాత్రం కొనకండి. షాపు పక్కన తొట్టెల్లో పిలకలు బోలెడున్నాయి, తలా రెండు పట్టుకెళ్లి పెరట్లో పాతుకోండి, డబ్బులక్కర్లేదు. సంచి మాత్రం మీరే తెచ్చుకోవాలి.