షాపు మారడం లేదు, ఉన్న చోటే ఉంటాం

మా బైండింగ్ షాపు సొంత భవనంలోకి మారుతోందని మీ అందరికీ చెప్పాను. రసీదుల వెనక కొత్త చిరునామా కూడా అచ్చు వేయించాను. ఆ కొనుగోలు ఆగిపోయింది. మాకు డబ్బు సర్దుబాటు కాలేదని ఎవరో ప్రచారం చేస్తున్నారట. డబ్బు సిద్ధంగానే ఉంది. చిక్కంతా అమ్మే పెద్దమనిషి వైపునే ఉంది.

భవనానికి ఈసీ (ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయిస్తే ఏ మచ్చా లేకుండా వచ్చింది. అయితే ఈసీలో కనిపించేవి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదైన లావాదేవీలే. మా లాయరు అంతటితో ఊరుకోక అమ్మకందారు పేరు మీద కోర్టు కేసులు వెతికారు. ఆయన ఎవరి అప్పుకో హామీ సంతకం పెట్టారు, అప్పు తీసుకున్నవాడు ఎగ్గొట్టాడు, బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు, అంటే డిక్రీ, ఇద్దరి మీదా పడింది, దాని అమలులో ఈ భవనం జప్తయింది. జప్తు ఉత్తర్వును దండోరా వంటి పద్ధతిలో చాటించి, ఆస్తి మీద అంటించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. గోడ మీద మాకు ఏ కాగితమూ కనబడలేదు. ఎందుకు కనబడలేదో ఆయనకే తెలియాలి. మా ఇంట్లో కూర్చుని, ‘ఏ గొడవా లేని ఆస్తి’ అని చెప్పి వెళ్లిన మనిషి!

అదే కోడ్‌లోని సెక్షన్ 64 ప్రకారం, జప్తు తర్వాత జరిగిన అమ్మకం ఆ జప్తు కింద రావలసిన బాకీకి అడ్డురాదు. పూర్తి ధర చెల్లించి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, యంత్రాలు బిగించుకున్నాక కూడా అప్పిచ్చినవారు భవనాన్ని వేలం వేయించవచ్చు. జప్తుకు ముందే రిజిస్టరైన అగ్రిమెంటు ఉంటే 2002 నాటి సవరణ కాపాడేది. మా బేరం అప్పటికింకా మాట మీదే ఉంది.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ తర్వాత వచ్చిన ప్రతిపాదన. అమ్మకందారు ధర బాగా తగ్గిస్తానన్నారు. డిక్రీ సొమ్మును ధరలో మినహాయించి నన్నే కట్టేయమని మా బావమరిది కూడా పట్టుబట్టాడు. చట్టరీత్యా అది తప్పు కాదు. కోర్టు బయట చెల్లిస్తే ఆ సంగతి కోర్టులో నమోదు చేయించాలి, లేకపోతే అమలు చేసే కోర్టు ఆ చెల్లింపును గుర్తించదు. లెక్కలు వేసిన ప్రతిసారీ కొనడమే లాభమని తేలింది, నా మనసు మాత్రం ఒప్పుకోలేదు. బయటపడింది ఒక డిక్రీ. డబ్బు రాబట్టే డిక్రీని 12 ఏళ్ల వరకు అమలుకు పెట్టవచ్చు. ఒకటి దాచినవాడు రెండోది దాచడని నేనెలా అనుకోవాలి? అసలు హక్కుపత్రాలు అడిగితే బీరువా తాళం దొరకడం లేదన్నారు. పత్రాలను బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పు ఈసీలో కనబడకపోవచ్చు.

డిక్రీ సొమ్ము, ఖర్చులు ఆయనే కోర్టులో జమ చేసి, జప్తు ఎత్తివేసిన ఉత్తర్వు నకలూ అసలు పత్రాలూ నా చేతికిస్తే పాత ధరకే కొంటానన్నాను.

‘నా మీద నమ్మకం లేదా?’ అన్నారు.

‘లేదండీ’ అన్నాను. అవమానంగా భావించారట. భావించనివ్వండి.

మీ ఆర్డర్లకు ఏ ఆటంకమూ లేదు. రసీదు వెనక చిరునామాను కొట్టివేసుకుని ఎప్పటిలా పాత షాపుకే రండి. కొత్త భవనం కొలతలకు చేయించిన అలమరాలను ఇక్కడే ఎలాగో ఇరికిస్తున్నాం కాబట్టి కౌంటరు దగ్గర కొంచెం పక్కకు జరిగి నిలబడవలసి వస్తుంది.