ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ఆడిట్‌లో సేవా నిబంధనలనూ చేర్చండి

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. ప్రభుత్వ శాఖలకు వెబ్ అప్లికేషన్లు తయారుచేసే ప్రోగ్రామర్లలో ఒకరిగా, మన ఆడిట్‌లలో తప్పిపోతున్న ఒక విషయాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

అప్లికేషన్‌కు పునాదిగా వాడే సిద్ధ కోడ్ అయిన ఫ్రేమ్‌వర్క్, ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సుతోనో, అపాచీ 2.0 లైసెన్సుతోనో వస్తే తనిఖీ అక్కడితో ముగుస్తోంది. నిజానికి ఆ లైసెన్సు కోడ్‌కే వర్తిస్తుంది. ఆ కోడ్ సంప్రదించే మ్యాపు, చెల్లింపు, అనువాద సేవలను నడిపేవారు వేరు, వారి షరతులూ వేరు.

అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి నామినాటిమ్ అనే, చిరునామాలను వెతికిపెట్టే సేవనే చూడండి. విరాళాలతో నడిచే ఆ పబ్లిక్ సర్వరుకు ఒక అప్లికేషన్ మొత్తం మీద సెకనుకు ఒక్క అభ్యర్థనకు మించి పంపకూడదు. అక్షరం టైపు చేసిన ప్రతిసారీ సూచనలు చూపించేందుకు దాన్ని వాడకూడదు. అభ్యర్థన ఎవరిదో సర్వరుకు తెలిపే యూజర్ ఏజెంట్‌లో ఫ్రేమ్‌వర్క్ తానుగా పెట్టే పేరు చాలదు, అప్లికేషన్ పేరు ఉండాలి. డేటా ఎవరిదో తెరపై తెలపాలి.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఈ షరతులు దాదాపు అన్నీ తప్పాం. ఫ్రేమ్‌వర్క్‌లోని సెర్చ్ బాక్సును ఉన్నదున్నట్టు పెట్టేశాం; అది ప్రతి అక్షరానికీ ఒక అభ్యర్థన పంపేది. పరీక్షించినన్నాళ్లూ బాగానే పనిచేసింది. విడుదలయ్యాక జవాబులు నమోదయ్యే లాగ్ నిండా 403లే, అంటే అనుమతి లేదన్న తిరస్కారాలే. చిరునామా వెతకబోయిన పౌరులకు ఖాళీ పెట్టె మిగిలింది. తప్పు సేవది కాదు, నిబంధనలు చదవని మాది. నామినాటిమ్ సాఫ్ట్‌వేరే ఓపెన్ సోర్స్ కనుక, సొంత సర్వరులో పెట్టుకుని ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. ఏపీఐ కీ (బయటి సేవను వాడుకునేందుకు ఇచ్చే గుర్తింపు సంకేతం) తీసుకునేటప్పుడు "అంగీకరిస్తున్నాను" అనే బటన్ నొక్కేది చాలాసార్లు కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరిన ఉద్యోగి, అదీ సొంత ఈమెయిల్‌తో. అతడు ఉద్యోగం మానేస్తే, నిబంధనలు మారాయన్న సమాచారం శాఖలో ఎవరికీ చేరదు.

కాబట్టి ప్రతి టెండరులోనూ, అప్లికేషన్ సంప్రదించే బయటి సేవల జాబితాను, వాటి నిబంధనలను శాఖ తరఫున చదివి అంగీకరించిన అధికారి హోదాను, సేవ ఆగిపోతే చేపట్టే ప్రత్యామ్నాయాన్ని తప్పనిసరి చేయవలసిందిగా కోరుతున్నాను. కీలన్నీ శాఖ పేరిటే ఉండాలి. ఇప్పటికే నడుస్తున్న అప్లికేషన్లలో చిరునామా, చెల్లింపు సేవలను వాడేవాటిని ముందుగా తనిఖీ చేయించగలరు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్