డిసెంబరు 5 లోపల

హైదరాబాద్,
కార్తీక సోమవారం

బిడ్డా సుజీ,

నీ గొంతు విని ఇరవై రోజులైంది. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే జవాబు ఇచ్చినట్టు కాదు. ఇక్కడ చలి మొదలైంది. సీతాఫలాలు అయిపోవచ్చాయి. మీ అమ్మ నీ పేరున నాలుగు దాచి, మెత్తబడ్డాక బంటిగాడికి పెట్టింది. పుణెలో మీ కంపెనీ జీతాలు ఆలస్యం చేస్తోందని సరిత అత్త అంటోంది. నిజమేనా?

అడిగింది ఊరికే కాదు. నీ స్కిల్ లోన్‌కి కోర్సు అయ్యాక ఇచ్చిన 6 నెలల గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. మొదటి కిస్తీ డిసెంబరు 5న. 1,20,000 మీద 11 శాతం అంటే నెలకు 1,100 వడ్డీ, ఏడాది కోర్సు, ఈ 6 నెలలు కలిపి 18 నెలలకు 19,800. గడువు తీరగానే అది అసలులో కలిసి 1,39,800 అవుతుంది. ఏడేళ్ళకు నెలకు సుమారు 2,394 కట్టాలి. ఆ వడ్డీ ముందే కట్టేస్తే 2,055తో పోతుంది.

చెట్ల కింద ఆకులు ఊడ్చి ఊడ్చి మీ అమ్మకు నడుము పట్టేసింది, ఇప్పుడు నయం.

నువ్వు జీతం ఖాతా మార్చావు. మాండేట్, అంటే కిస్తీ దానంతటదే తీసుకోమని బ్యాంకుకు ఇచ్చిన అనుమతి, మాత్రం పాత ఖాతా మీదే ఉంది. వేణు బావ సంగతి గుర్తుందా? అతనూ ఇలాగే ఖాతా మార్చాడు. పాతదాంట్లో 42 రూపాయలు తక్కువై కిస్తీ వెనక్కి పోయింది. రెండు బ్యాంకులూ చార్జీలు వేశాయి. తర్వాతి నెలల్లో కొన్ని కిస్తీలు వేశాడు, కొన్ని తప్పాడు; పాత కిస్తీ, చార్జీలు విడిగా కట్టలేదు. వేసిన డబ్బు ముందు పాత బాకీకే పోయేది, కొత్తది కొరత పడేది. అలా బాకీ మోస్తూ మోస్తూ 90 రోజులు దాటింది, ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అయింది. ఒకసారి అయ్యాక తప్పిన కిస్తీలు, వడ్డీ అంతా కడితే తప్ప మళ్ళీ మామూలు ఖాతా కాదు. అతని లోను మీద సంతకం పెట్టిన మామయ్య సిబిల్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకు ఇచ్చే మార్కు) కూడా పడిపోయి, ఆయన బండి లోను ఆగిపోయింది. నీ లోను మీద నా సంతకం ఉంది, కానీ నా దిగులు నా స్కోరు గురించి కాదు. రేపు నువ్వు ఇల్లు కొనాలి.

కొత్త మాండేట్‌కి ఇవాళే ఫారం ఇవ్వు. అది అమల్లోకి వచ్చేదాకా పాత ఖాతాలో ప్రతి నెలా 4వ తేదీ సాయంత్రానికే, కిస్తీకి పైన మరో 500 ఉంచు. జీతం ఆగితే కిస్తీ తప్పకముందే బ్రాంచికి ఉత్తరం రాసి, స్టాంపు వేయించుకున్న కాపీ దాచుకో. తప్పాక అడిగితే ఎవరూ వినరు.

చిట్టీ ఎత్తాను. 19,800 నేనే లోన్ ఖాతాలో వేస్తాను, నువ్వు ఊ అంటే చాలు. ఆ రసీదు మీద వడ్డీకి అని రాయించాలి, లేకుంటే ముందు కిస్తీల కింద జమ చేసేస్తారు.

అమ్మ కారప్పొడి, చలికోటు పార్సిల్ కట్టింది. అడ్రసు పాతదేనా? రాత్రి 9 దాటాక ఫోన్ చెయ్యి, మేల్కొనే ఉంటాను.

నాన్న