పిల్లలు వినడం నేర్చుకుంటున్నారు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు సొంతంగా రాసిన కథలను శ్రవ్య నాటికలుగా తయారు చేస్తున్నారు. ఇంట్లో ఫోను పట్టుకుని గదులన్నీ తిరుగుతూ చప్పుళ్లు రికార్డు చేస్తుంటే వారించకండి. అది బడి పనే.

ఒక్క నియమం పెట్టాం: నెట్‌లో దొరికే రెడీమేడ్ శబ్దాలు వాడకూడదు. వాన కావాలంటే చాటలో బియ్యం పోసి మెల్లగా ఒంచుతున్నారు. మంటకు సెల్లోఫేన్ కాగితం నలుపుతున్నారు, గుర్రపు డెక్కలకు కొబ్బరి చిప్పలు. సినిమా స్టూడియోల్లో ఈ పనిని ఫోలీ అంటారు. హాలీవుడ్‌లో దీనికి బాట వేసిన జాక్ ఫోలీ పేరే దానికి నిలిచిపోయింది. డౌన్‌లోడ్ చేసిన వానను పిల్లవాడు శ్రద్ధగా వినడు. తాను చేసిన వాన నిజం వానలా లేకపోతే మాత్రం వరండాలోకి వెళ్లి అసలు వానను చెవులు రిక్కించి వింటాడు. నాకు కావలసింది ఆ వినడమే.

కత్తిరించి అతికే పని కంప్యూటర్ ల్యాబ్‌లో, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో జరుగుతోంది. మాటకూ మాటకూ మధ్య ఉన్న భాగాన్ని పూర్తిగా చెరిపేస్తే అక్కడ శబ్దం ఒక్కసారిగా తెగిపోయినట్టు వినిపిస్తుంది. ఏ గదీ పూర్తి నిశ్శబ్దంగా ఉండదు కదా! అందుకే రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం పాటు గది చప్పుడును పట్టుకుంటున్నారు, ఖాళీల్లో దాన్నే నింపుతున్నారు. ఫ్యాను హోరు తగ్గించడానికి కావలసిన నమూనా కూడా అందులోనే దొరుకుతుంది. అయితే హోరును మరీ ఎక్కువగా తీసేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి.

సైన్సు టీచరుకూ ఇందులో పని పడింది. రికార్డు చేసేటప్పుడు ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తున్నాం, ఒక్కో కొలతను నమూనా అంటారు. అన్ని నమూనాలు ఎందుకని పిల్లలు అడిగారు. మనిషి చెవికి వినిపించే ధ్వని సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఉంటుంది, పై హద్దుకు రెట్టింపు కన్నా ఎక్కువ నమూనాలు తీస్తేనే ఆ ధ్వని సరిగ్గా నమోదవుతుంది. ధ్వని పాఠం ఇప్పుడు వాళ్ల చేతుల్లో ఉంది.

తెలుగు టీచరుగారి సంతోషం వేరు. తమ గొంతు తామే విన్నాక పిల్లలు భ, ధ, ఘలను మింగేయడం మానుకుంటున్నారు. ఎవరూ తప్పు పట్టకుండానే మళ్లీ చదువుతున్నారు.

మీతో కొన్ని పనులున్నాయి. రికార్డింగ్ చేసే కాసేపు టీవీ, వీలైతే ఫ్యాను ఆపండి. ధ్వనిని కుదించకుండా దాచే వేవ్ ఫైళ్లు స్టీరియోలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ తీసుకుంటాయి. స్థలం కోసం వాటిని ఫోన్‌లోంచి తీసేసే ముందు, లేదా కుదించి ఎంపీ3గా మార్చే ముందు పిల్లల్ని ఒక మాట అడగండి, అలా మార్చినప్పుడు పోయిన వివరం తిరిగి రాదు. తాతయ్య, అమ్మమ్మల మాటలు నాటికలో వాడుకోవాలంటే ముందు వాళ్ల అనుమతి తీసుకోమని పిల్లలకు చెప్పాం, మీరూ చూడండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశం నాడు లైబ్రరీ గదిలో నాటికలు వినిపిస్తాం. ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు చాలడం లేదు. పనిచేస్తున్నవి, వైరుతో ఉన్నవి మీ ఇంట్లో వాడకుండా ఉంటే పిల్లలతో పంపండి, టర్మ్ చివర తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు